బొగ్గు పొరల్లో మెరుపు కనిపిస్తే అది గ్యాసేనా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను. మీ దగ్గర ఒక త్రీడీ సీస్మిక్ వాల్యూమ్ (భూమిలోకి తరంగాలు పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనులతో కట్టిన లోపలి బొమ్మ), అదే ప్రాంతంలో మూడు పాత బావుల లాగ్‌లు (బావిలోకి పనిముట్లు దించి లోతు వెంట తీసిన కొలతలు) ఉన్నాయి. దాదాపు 700 నుంచి 1000 మీటర్ల లోతులో బొగ్గు, ఇసుకరాయి, షేల్ (బంకమట్టి గట్టిపడిన రాయి) కలగలిసిన పొరల వరుస ఉంది. అందులో ఒకచోట రిఫ్లెక్షన్, అంటే ప్రతిధ్వని, చుట్టుపక్కల కంటే రెట్టింపు యాంప్లిట్యూడ్‌తో (బలంతో) మెరుస్తోంది. మీ బృందంలో కొందరు అది గ్యాస్ అంటున్నారు. బావి అక్కడే వేయాలా అని, బొగ్గులో పగుళ్ల దిశ సీస్మిక్‌లో తెలుస్తుందా అని అడిగారు.

ఇప్పుడే వేయకండి. ఆ చోటు పనికిరాదని అనడం లేదు. అది మంచి చోటే కావచ్చు. కానీ మీ వాళ్లు చెబుతున్న కారణం సరైనది కాదు. కారణం తప్పయితే బావిలో ఏం కొలవాలో, ఏ లాగ్‌లు తీయాలో, కోర్ (రాతి నమూనా కడ్డీ) ఎక్కడ తీయాలో అన్నీ తప్పుతాయి. నేను ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి పొరల మీదే పనిచేశాను. బొగ్గున్న చోట మెరుపు అంటే ముందు బొగ్గే, అది కాదని రుజువయ్యాకే వేరే మాట.

ఎందుకో అంకెల్లో చూద్దాం. సాధారణ ఇసుకరాయి, షేల్‌లలో పీ తరంగం (ధ్వనిలా రాతిని నొక్కుతూ సాగేది) సెకనుకు 3500 మీటర్ల వేగంతో వెళుతుందనుకోండి, సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.5 గ్రాములు. బొగ్గులో వేగం 2300, సాంద్రత 1.4. వేగాన్ని సాంద్రతతో గుణిస్తే వచ్చేదే ఇంపెడెన్స్: పై రాయికి 8750, బొగ్గుకు 3220. ఈ రెండూ కలిసే చోట రిఫ్లెక్షన్ కోఎఫిషియంట్ సుమారు మైనస్ 0.46. అంటే వచ్చిన యాంప్లిట్యూడ్‌లో దాదాపు సగం తిరిగి పైకి పోతుంది. అదే మామూలు ఇసుకరాయికీ షేల్‌కూ మధ్య ఈ అంకె 0.05, బాగుంటే 0.1. గ్యాస్ నిండిన ఇసుకరాయి కూడా బొగ్గు ఇచ్చేంత తేడా ఇవ్వడం చాలా అరుదు. కాబట్టి ఇలాంటి వరుసలో పెద్ద గొంతు ఎప్పుడూ బొగ్గుదే.

నా ఉద్యోగం మొదటి ఏళ్లలో ఒక బావి విషయంలో మా బృందమంతా ఇలాగే పొరబడింది. మ్యాప్ మీద అందమైన మెరుపు, దాని ఆకారం కూడా నిర్మాణానికి చక్కగా సరిపోయింది. అది గ్యాస్ ఇసుకరాయి అని నమ్మి రిపోర్టు రాశాం. తవ్వాక తెలిసింది, అక్కడ రెండు బొగ్గు పొరలు ఒకదానికొకటి దగ్గరగా వచ్చాయి, వాటి ప్రతిధ్వనులు కలిసి బలపడ్డాయి. మేం గ్యాస్ అనుకున్న ఇసుకరాయిలో నీళ్లున్నాయి. అంతకంటే బాధ కలిగించిన విషయం, బొగ్గు కోసం సిద్ధపడి వెళ్లలేదు కాబట్టి ఆ బొగ్గు నుంచి ఒక్క కోర్ కూడా తీయలేదు. మంచి బొగ్గును దాటుకుంటూ వెళ్లిపోయాం. మీకు ఇంత వివరంగా రాయడానికి కారణం ఆ బావే.

ఇక అసలు విషయానికి వస్తే, బొగ్గున్న పొరల వరుసలో సహజవాయువు రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి బొగ్గు లోపలే అంటిపెట్టుకుని ఉండేది, కోల్‌బెడ్ మీథేన్. ఇంకొకటి బొగ్గులో పుట్టి బయటికి వచ్చి పక్కనున్న ఇసుకరాయి రంధ్రాల్లో చేరినది. మీరు వెతుకుతున్నది వీటిలో ఏది? మీ ప్రశ్నలో అది చెప్పలేదు. చాలా బృందాల్లో ఈ తేడా గురించి మాట్లాడుకోకుండానే పని మొదలవుతుంది. సీస్మిక్ డేటాను ఈ రెండింటికీ వాడే పద్ధతులు పూర్తిగా వేరు.

బొగ్గు లోపలి గ్యాస్ సంగతి ముందు చూద్దాం. బొగ్గులో అతి సూక్ష్మమైన రంధ్రాలు లెక్కలేనన్ని ఉంటాయి. ఒక గ్రాము బొగ్గు లోపలి ఉపరితలమే వంద చదరపు మీటర్లకు పైగా ఉండొచ్చు. ఆ గోడలకు మీథేన్ అణువులు అతుక్కుని ఉంటాయి. పగుళ్లలో ఉన్న నీటి ఒత్తిడి వాటిని అక్కడే పట్టి ఉంచుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ఎంత గ్యాస్ అతుక్కుంటుందో చెప్పే వక్రరేఖను ఇప్పటికీ ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1918లో ఇచ్చిన సూత్రంతోనే గీస్తాం. నీటిని తోడేస్తే ఒత్తిడి తగ్గి గ్యాస్ గోడల నుంచి విడిపోయి పగుళ్లలోకి, అక్కడి నుంచి బావిలోకి వస్తుంది. ఇసుకరాయిలోనైతే గ్యాస్ విడిగా, బుడగల్లా రంధ్రాల్లో ఉంటుంది. అది రాతి వేగాన్ని బాగా తగ్గిస్తుంది కాబట్టి సీస్మిక్‌లో బయటపడుతుంది. గోడకు అతుక్కున్న గ్యాస్ అలా కాదు. ఒక టన్ను బొగ్గులో 4 ఘనపు మీటర్లున్నా 14 ఉన్నా, దాని వల్ల వేగంలోనూ సాంద్రతలోనూ వచ్చే మార్పు బొగ్గు మందం, బూడిద శాతం, పగుళ్ల వల్ల వచ్చే మార్పుల మధ్య కలిసిపోతుంది. ఉపరితలం నుంచి తీసిన సీస్మిక్‌లో దాన్ని విడదీసి చూపించడం సాధ్యం కాదనే నా అనుభవం.

అందుకే బొగ్గు మందంగా ఉంటే గ్యాస్ ఎక్కువుంటుందని కూడా చెప్పలేం. అమెరికాలోని పౌడర్ రివర్ బేసిన్‌లో (బేసిన్ అంటే పొరలు పేరుకున్న పెద్ద పల్లపు ప్రాంతం) కొన్నిచోట్ల బొగ్గు 30 మీటర్ల మందం ఉంటుంది, కానీ అది పక్వం కాని బొగ్గు, టన్నుకు ఉండే గ్యాస్ చాలా తక్కువ. అక్కడ లోతు తక్కువ, పగుళ్లు బాగా తెరుచుకుని ఉన్నాయి కాబట్టి పని నడిచింది. అమెరికాలోనే ఉన్న శాన్ హ్వాన్ బేసిన్‌లోని ఫ్రూట్‌ల్యాండ్ బొగ్గు అంత మందం ఉండదు, కానీ టన్నుకు దొరికే గ్యాస్ దానికి ఎన్నో రెట్లు. ఈ రెండు బేసిన్ల సీస్మిక్ సెక్షన్లు పక్కపక్కన పెట్టి మెరుపును మాత్రమే చూసి ఎంచుకోమంటే ఎవరైనా తప్పుదే ఎంచుకుంటారు.

మరి సీస్మిక్ దేనికి పనికొస్తుంది? బొగ్గు ఎక్కడుంది, ఎంత మందం, ఎక్కడ చీలింది, ఎక్కడ తెగింది, ఎక్కడ వంగింది అనేవి చెప్పడానికి. ఇది చిన్న విషయం కాదు. ఒక లెక్క చూడండి. ఒక చదరపు కిలోమీటరులో 6 మీటర్ల బొగ్గు, సాంద్రత 1.4, టన్నుకు 8 ఘనపు మీటర్ల గ్యాస్ అనుకుంటే, 84 లక్షల టన్నుల బొగ్గు, దాదాపు 6 కోట్ల 70 లక్షల ఘనపు మీటర్ల గ్యాస్. ఈ గుణకారంలో విస్తీర్ణం, మందం సీస్మిక్ ఇస్తుంది. సాంద్రత, గ్యాస్ పరిమాణం కోర్ ఇవ్వాలి. రెండు సగాలూ కలిస్తేనే లెక్క. మీ వాళ్లు మొదటి సగంతోనే మొత్తం లెక్క చేసేయాలని చూస్తున్నారు.

మీరు ఇప్పుడు చేయాల్సిన మొదటి పని ఆ మూడు బావులను సీస్మిక్‌తో జత చేయడం. లాగ్‌లను గుడ్డిగా నమ్మకండి. బొగ్గు పెళుసుగా ఉంటుంది, తవ్వేటప్పుడు బావి గోడ ఊడిపోయి గుంత పడుతుంది. అక్కడ డెన్సిటీ (సాంద్రత) లాగ్ రాతిని కాకుండా, తవ్వేటప్పుడు బావిలో నింపే మట్టి ద్రవాన్ని చదువుతుంది. షేల్ ఊడిపోయినా అలాగే సాంద్రత తక్కువ కనిపించి, బొగ్గు లేనిచోట బొగ్గున్నట్టు భ్రమ పుడుతుంది. క్యాలిపర్ (బావి వెడల్పు కొలిచే లాగ్) చూడండి, తర్వాత గామా రే (రాతి సహజ రేడియోధార్మికత కొలిచే లాగ్) చూడండి. శుభ్రమైన బొగ్గులో గామా తక్కువ, షేల్‌లో ఎక్కువ. సాంద్రత తక్కువ, గామా తక్కువ, న్యూట్రాన్ (హైడ్రోజన్‌ను పసిగట్టే లాగ్) ఎక్కువ, సోనిక్ (తరంగ వేగం కొలిచే లాగ్) నెమ్మది, ఈ నాలుగూ ఒకేచోట కలిస్తే అది బొగ్గని ధైర్యంగా చెప్పొచ్చు. అర మీటరు పొరలను మాత్రం లాగ్ పనిముట్టు చుట్టుపక్కల రాతితో కలిపి సగటు చేసి చూపిస్తుంది, వాటి సాంద్రత నిజం కంటే ఎక్కువగా కనిపిస్తుంది.

లాగ్‌లు సరిచేశాక సింథటిక్ (లాగ్‌ల నుంచి లెక్కగట్టిన నమూనా సీస్మిక్) తయారుచేసి, మీ డేటా పోలారిటీ (తరంగం ఏ వైపు తిరిగి ఉందో) ఏమిటో, ఫేజ్ (తరంగ ఆకారం ఎంత జరిగిందో చెప్పే కోణం) ఎంతో తేల్చుకోండి. ఇంపెడెన్స్ పెరిగితే పీక్ (తరంగ శిఖరం) అనే పద్ధతిలో ఉంటే బొగ్గు పైభాగం ట్రఫ్ (తరంగ లోయ), అడుగుభాగం పీక్. ఇంత మామూలు విషయం రాస్తున్నానని ఏమీ అనుకోకండి. పోలారిటీ తలకిందులుగా ఉన్న డేటా మీద నెలల తరబడి పనిచేసిన బృందాలను నేను చూశాను.

ఇక మీ మెరుపుకు అసలు వివరణ ఎక్కడుందో చెబుతాను. బొగ్గులో వేగం 2300 మీటర్లు, మీ డేటాలో ప్రధాన ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ అయితే తరంగదైర్ఘ్యం 46 మీటర్లు. అందులో నాలుగో వంతు 11.5 మీటర్లు. దాన్నే ట్యూనింగ్ మందం అంటాం. పొర అంతకంటే సన్నగా ఉంటే దాని పై అంచు, కింది అంచు వేర్వేరుగా కనిపించవు, రెండూ ఒకదానిమీద ఒకటి పడతాయి. 3 మీటర్ల బొగ్గును పైనుంచి కిందికి, కిందినుంచి పైకి దాటడానికి పట్టేది 2.6 మిల్లీసెకన్లే. ఇలాంటప్పుడు పీక్‌కూ ట్రఫ్‌కూ మధ్య సమయం కొలిస్తే మందం రాదు, ఆ సమయం దాదాపు మారదు. మారేది యాంప్లిట్యూడ్. ట్యూనింగ్ మందం కంటే బాగా సన్నని పొరల్లో మందం రెట్టింపైతే యాంప్లిట్యూడ్ కూడా దాదాపు రెట్టింపవుతుంది.

మీ మెరుపు చుట్టుపక్కల కంటే రెట్టింపు అన్నారు కదా. దానికి అన్నిటికంటే మామూలు అర్థం, అక్కడ బొగ్గు, ఉదాహరణకు 3 మీటర్ల నుంచి 6 మీటర్లకు పెరిగింది. ఇది మీకు చెడ్డ వార్త కాదు. కోల్‌బెడ్ మీథేన్ వెతుకుతుంటే ఇది మంచి వార్తే. అక్కడ కనిపిస్తున్నది గ్యాస్ అనకుండా బొగ్గు అనండి, అంతే తేడా.

ఈ లక్షణాన్నే వాడుకుని మందం మ్యాప్ వేయొచ్చు. మూడు బావుల దగ్గరా మందం తెలుసు, యాంప్లిట్యూడ్ తెలుసు. ఆ సంబంధాన్ని మోడల్‌తో సరిచూసి మిగతా చోట్లకు విస్తరించండి. ఫేజ్‌ను 90 డిగ్రీలు తిప్పితే సన్న పొర ఒకే ట్రఫ్‌గా, సరిగ్గా తన స్థానంలో కూర్చుంటుంది, కంటికి చదవడం తేలికవుతుంది. ఒక్క జాగ్రత్త. పొర మధ్యలో షేల్ పట్టీ ఉన్నా, రెండు పొరలు దగ్గరగా ఉన్నా ఈ సంబంధం చెడిపోతుంది. రెండు పొరల మధ్య దూరం ఒక కొలతలో ఉంటే ప్రతిధ్వనులు కలిసి పెరుగుతాయి, ఇంకో కొలతలో ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. కాబట్టి మందాన్నే కాకుండా మధ్య దూరాన్ని కూడా మార్చి రెండు పొరల మోడల్ ఒకటి తప్పకుండా చేసి చూడండి. మేం చేయనిది ఆ పనే.

మ్యాప్ వేశాక మెరుపును వదిలేసి, మెరుపు లేని చోట్లను చూడండి. బొగ్గు ఒకప్పుడు చిత్తడి నేల. దాని గుండా నదులు పారాయి. నది బొగ్గును కోసేసి ఆ చోట ఇసుక నింపితే, హారిజాన్ స్లైస్ (ఒకే పొర వెంట కోసి చూపే బొమ్మ) మీద మెలికలు తిరిగిన మసక పట్టీలా కనిపిస్తుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన దృశ్యం ఇదే, కోట్ల ఏళ్ల కిందటి వాగు మలుపులతో సహా తెరమీద ప్రత్యక్షమవుతుంది. కోల్‌బెడ్ బావికి అది వద్దనుకునే చోటు, బొగ్గు అక్కడ లేదు కాబట్టి. ఇసుకరాయి గ్యాస్ కోసమైతే అదే మొదట చూడాల్సిన చోటు, ఎందుకంటే గ్యాస్ పుట్టే బొగ్గుకు ఆనుకునే అది నిల్వ ఉండగల ఇసుక ఉంది. ఒకే మ్యాప్, రెండు ప్రశ్నలకు రెండు వ్యతిరేక జవాబులు. అందుకే మీరు ఏ గ్యాస్ వెతుకుతున్నారని ముందే అడిగాను.

ఫాల్ట్‌ల (పొరలు తెగి జరిగిన చోట్ల) దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. 3 మీటర్ల బొగ్గులో అడ్డంగా బావి తవ్వుతుంటే 4 మీటర్ల ఫాల్ట్ చాలు, బిట్ బొగ్గు నుంచి పూర్తిగా బయటపడి రాతిలోకి పోతుంది. అంత చిన్న ఫాల్ట్ సెక్షన్ మీద కంటికి కనపడకపోవచ్చు. కోహెరెన్స్ (పక్కపక్క ప్రతిధ్వనుల పోలిక), కర్వేచర్ (పొర వంపు) లాంటి అట్రిబ్యూట్లు (డేటా నుంచి లెక్కగట్టే లక్షణాలు) ఇక్కడ నిజంగా ఉపయోగపడతాయి. బొగ్గు రిఫ్లెక్షన్ బలంగా, తేటగా ఉంటుంది కాబట్టి దాని మీద వేసిన కర్వేచర్ మ్యాప్ ఇతర పొరల మీద వేసిన దానికంటే నమ్మదగినది. వంపు ఎక్కువున్న చోట పగుళ్లు ఎక్కువుండే అవకాశం ఉంది, పగుళ్లుంటే గ్యాస్ కదలడానికి దారి ఉంటుంది. కానీ పెద్ద ఫాల్ట్‌కు మరీ దగ్గరగా వెళితే రెండు ప్రమాదాలు. పైకి దారి తెరుచుకుని గ్యాస్ ఎప్పుడో పోయి ఉండొచ్చు, లేదా పక్క నీటి పొరతో కలిసి ఎంత తోడినా నీరు తరగకపోవచ్చు. కోల్‌బెడ్ బావిలో నీరు తగ్గకపోతే ఒత్తిడి తగ్గదు, ఒత్తిడి తగ్గకపోతే గ్యాస్ రాదు.

అగ్నిశిలలు చొచ్చుకొచ్చిన ప్రాంతాల్లో ఇంకో చిక్కు ఉంటుంది. ఝార్ఖండ్‌లోని ఝరియా బొగ్గు క్షేత్రంలో సన్నని అగ్నిశిలా పట్టీలు బొగ్గులోకి చొరబడి దాన్ని కాల్చేశాయి. అక్కడి గని పనివాళ్లు ఆ కాలిన బొగ్గును ఝామా అంటారు. మీ ప్రాంతంలో అలాంటివి ఉన్నాయేమో పాత గని రికార్డులు, అయస్కాంత సర్వేలు చూడండి. సీస్మిక్ ఒక్కదానితో వాటిని గుర్తుపట్టడం కష్టం.

పగుళ్ల దిశ గురించి కూడా అడిగారు. బొగ్గులో సహజంగా ఉండే పగుళ్లను క్లీట్లు అంటాం. పొడవుగా సాగేవి ఫేస్ క్లీట్లు, వాటిని అడ్డంగా కలిపేవి బట్ క్లీట్లు. పగుళ్ల వెంట వెళ్లే తరంగం ఒకలా, వాటిని దాటుకుంటూ వెళ్లేది ఇంకోలా ప్రవర్తిస్తుంది. కాబట్టి అన్ని దిక్కుల నుంచి తీసిన వైడ్ ఆజిమత్ డేటా ఉంటే యాంప్లిట్యూడ్ దిక్కును బట్టి ఎలా మారుతుందో చూసి పగుళ్ల దిశను అంచనా వేయొచ్చు. శాన్ హ్వాన్ బేసిన్‌లోని సీడర్ హిల్ ఫీల్డులో 1990ల్లో కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్ వాళ్లు పీ తరంగాలతో పాటు ఎస్ తరంగాలను (అడ్డంగా ఊగుతూ సాగేవాటిని) కూడా త్రీడీలో రికార్డు చేసి ఈ పని చేశారు. ఎస్ తరంగం పగుళ్లున్న రాతిలో వేగమైనదిగా, నెమ్మదైనదిగా రెండుగా చీలుతుంది, దాన్నిబట్టి పగుళ్లు ఎక్కువున్న భాగాలను గుర్తించారు.

అయితే అక్కడ బొగ్గు బాగా మందం. మీ 5, 6 మీటర్ల పొరకు ఆ పద్ధతి అప్పగించే ముందు ఒక లెక్క వేసుకోండి. బొగ్గులో ఎస్ తరంగ వేగం 1000 మీటర్లనుకుంటే 5 మీటర్లు రానూపోనూ 10 మిల్లీసెకన్లు. తేడా పది శాతం ఉన్నా రెండు చీలికల మధ్య దూరం 1 మిల్లీసెకను. పైనున్న 800 మీటర్ల రాతిలో వచ్చే తేడా దీన్ని తేలిగ్గా మింగేస్తుంది. పీ తరంగంలోనూ ఇదే ఇబ్బంది, పై పొరల ప్రభావాన్ని జాగ్రత్తగా తీసేయకపోతే బొగ్గులో పగుళ్లని మనం గీసే బాణాలు నిజానికి పైనున్న షేల్‌వి కావచ్చు. బావిలో ఇమేజ్ లాగ్ (బావి గోడ బొమ్మ) తీసి, దానితో సరిపోలాకే ఆ బాణాలను నమ్మండి.

ఇక ఇసుకరాయి గ్యాస్ సంగతి. ఇక్కడ బొగ్గు సాయం చేయదు, అడ్డుపడుతుంది. గోరంత ఇసుకరాయి సంకేతం కొండంత బొగ్గు సంకేతం వెనక దాగిపోతుంది. ఆస్ట్రేలియాలోని కూపర్ బేసిన్‌లో, చైనాలోని ఓర్డోస్ బేసిన్‌లో బొగ్గు పొరల మధ్య ఇసుకరాళ్ల నుంచి గ్యాస్ తీస్తున్నారు, అక్కడ సీస్మిక్ డేటాను చదివే ఇంటర్‌ప్రిటర్లకు రోజూ ఉండే పోరాటమే ఇది. బొగ్గుల కింద ఉన్న పొరలకు ఇంకా కష్టం. రిఫ్లెక్షన్ కోఎఫిషియంట్ 0.4 ఉన్న ఒక అంచును దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు దాటితే 0.84 వంతు యాంప్లిట్యూడ్ మిగులుతుంది. ఒక బొగ్గు పొరకు రెండు అంచులు, అంటే 0.7. ఐదు పొరలు దాటితే 0.17 మాత్రమే. నిజానికి సన్న పొరల లోపల అటూఇటూ కొట్టుకున్న తరంగాలు కాస్త ఆలస్యంగా వచ్చి లో ఫ్రీక్వెన్సీలను కొంత భర్తీ చేస్తాయి. ఓ'డోహర్టీ, ఆన్‌స్టీ 1971లోనే ఈ విషయాన్ని విడమరిచి చెప్పారు. పోయేవి హై ఫ్రీక్వెన్సీలు. కాబట్టి బొగ్గుల కింద డేటా మొద్దుబారినట్టు ఉంటే ప్రాసెసింగ్ వాళ్లను తప్పుపట్టే ముందు ఇది గుర్తుంచుకోండి.

అలా పొరల మధ్య కొట్టుకున్న తరంగాల్లో కొన్ని మల్టిపుల్స్‌గా కిందికి దిగి, అక్కడ లేని పొరలను ఉన్నట్టు చూపిస్తాయి. దీన్ని తేల్చడానికి నాకు తెలిసినంతలో వీఎస్‌పీని (వర్టికల్ సీస్మిక్ ప్రొఫైల్‌ను) మించినది లేదు. జియోఫోన్ (తరంగాలను పట్టే పనిముట్టు) బావిలోనే ఉంటుంది కాబట్టి ఏది నిజమైన రిఫ్లెక్షనో ఏది మల్టిపులో కళ్లెదుట విడిపోతుంది. ఖర్చు ఎక్కువని చాలామంది మానేస్తారు. బొగ్గున్న ప్రాంతంలో మొదటి బావికైనా వీఎస్‌పీ తీయమని నేను గట్టిగా చెబుతాను.

ఇసుకరాయిలో గ్యాస్‌ను బొగ్గు నుంచి వేరు చేయాలంటే ఒక్క ఇంపెడెన్స్ చాలదు, పీ, ఎస్ వేగాల నిష్పత్తి కూడా కావాలి. ఒక క్రాస్‌ప్లాట్ వేయండి, అడ్డంగా ఇంపెడెన్స్, నిలువుగా ఆ నిష్పత్తి. బొగ్గు ఎడమవైపు దూరంగా ఉంటుంది, ఇంపెడెన్స్ చాలా తక్కువ, నిష్పత్తి సుమారు 2, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ. షేల్ కుడివైపు, నిష్పత్తి 1.8 పైన. గ్యాస్ ఉన్న ఇసుకరాయి కుడివైపే ఉంటుంది కానీ కిందికి దిగుతుంది, సుమారు 1.5 నుంచి 1.65. అంటే ఇంపెడెన్స్ తక్కువున్న చోట్లన్నీ గ్యాస్ అనుకుంటే మీరు బొగ్గును ఏరుకుంటారు, నిష్పత్తి తక్కువున్న చోట వెతికితే ఇసుకను ఏరుకుంటారు. నా పనిలో కొత్తవాళ్లకు అన్నిటికంటే ముందు నేర్పేది ఈ ఒక్క బొమ్మనే. మీ పాత బావుల్లో షియర్ సోనిక్ (ఎస్ వేగం కొలిచే లాగ్) లేకపోతే అంచనా సూత్రాలతో ఎస్ వేగం తయారుచేయొచ్చు, కానీ ఆ సూత్రాలు ఇసుకకూ షేల్‌కూ పుట్టినవి, బొగ్గుకు సరిపోవు. కొత్త బావిలో, ఎస్ వేగాన్ని కూడా కొలిచే డైపోల్ సోనిక్ తప్పకుండా పెట్టించండి.

మీ దగ్గర స్టాక్ చేయని గ్యాదర్లు (కలిపి ఒకటి చేయకముందు విడివిడి రికార్డులు) ఉంటే ఈ రోజే చేయగల పరీక్ష ఒకటుంది. మెరుపు దగ్గర ఆఫ్‌సెట్ (తరంగం పుట్టించిన చోటుకూ రికార్డు చేసిన చోటుకూ మధ్య దూరం) పెరిగేకొద్దీ యాంప్లిట్యూడ్ ఎలా మారుతోందో చూడండి. బొగ్గు పైభాగం సాధారణంగా దగ్గర ఆఫ్‌సెట్లలో చాలా బలంగా మొదలై దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది, దాన్నే నాలుగో తరగతి ఏవీఓ (ఆఫ్‌సెట్‌తో యాంప్లిట్యూడ్ మార్పు) అంటాం. మెత్తని గ్యాస్ ఇసుకరాయి ఇచ్చే మూడో తరగతిలో అది పెరుగుతుంది. మీది తగ్గుతుంటే బొగ్గు వైపు మొగ్గండి. ఇది తీర్పు మాత్రం కాదు, ఎందుకంటే సన్న పొరల్లో ట్యూనింగ్ ప్రభావం ఆఫ్‌సెట్‌తో పాటు మారుతుంది, దూర ఆఫ్‌సెట్లలో తరంగం సాగిపోయి వంపును చెడగొడుతుంది.

ఈ పరీక్షలన్నీ యాంప్లిట్యూడ్‌ను కాపాడిన డేటా మీదే పనిచేస్తాయి. ప్రాసెసింగ్‌లో ఎక్కడైనా ఏజీసీ (బలమైన, బలహీనమైన సంకేతాలను సమం చేసే పద్ధతి) వేశారా అని అడగండి. వేసి ఉంటే మీ మెరుపు రెట్టింపు అనే మాటకే అర్థం లేదు, ఏజీసీ వేయకుండా మళ్లీ చేయించండి. 700 మీటర్ల లోతులో ఫోల్డ్ (ఒక్కో చోటుకు ఎన్ని రికార్డులు ఉన్నాయో) ఎంతో కూడా చూడండి. లోతైన లక్ష్యాల కోసం వేసిన సర్వేల్లో లైన్ల మధ్య దూరం ఎక్కువ, తక్కువ లోతులో ఉన్న బొగ్గుకు దగ్గరి ఆఫ్‌సెట్లు అరకొరగా ఉంటాయి. అలాంటి చోట్ల మ్యాప్ మీద కనిపించే గళ్లు భూమి లోపలివి కావు, సర్వే లేఅవుట్‌వి.

గ్యాస్ ఎంతుందో చెప్పేది చివరికి కోర్ మాత్రమే. బొగ్గు కోర్ పైకి రాగానే ఆలస్యం లేకుండా డబ్బాలో పెట్టి, భూమి లోపలి ఉష్ణోగ్రతలోనే ఉంచి, విడుదలయ్యే గ్యాస్‌ను రోజుల తరబడి కొలవాలి. పైకి తెచ్చేటప్పుడు పోయిన గ్యాస్‌ను లెక్కగట్టాలి, చివర్లో పొడి చేసి మిగిలినదాన్ని కొలవాలి. ఇంకో ముక్క మీద లాంగ్‌మ్యూర్ వక్రరేఖ తీయించాలి. ఒక ఊహాత్మక ఉదాహరణ చెబుతాను. ఒక బొగ్గు ఎంత ఒత్తిడి పెట్టినా టన్నుకు గరిష్ఠంగా 20 ఘనపు మీటర్లు పట్టుకోగలదు, అందులో సగం 34 వాతావరణ పీడనాల దగ్గర పట్టుకుంటుంది. 800 మీటర్ల లోతులో నీటి ఒత్తిడి సుమారు 80 వాతావరణ పీడనాలు, అక్కడ అది 14 పట్టుకోగలదు. కానీ కోర్‌లో దొరికింది 8 మాత్రమే. అప్పుడు ఒత్తిడి దాదాపు 23కి పడిపోయేదాకా నీళ్లే వస్తాయి, గ్యాస్ రాదు. నెలలు, కొన్నిసార్లు ఏళ్లు పట్టొచ్చు. ఇదే బొగ్గులో 13 దొరికితే కథ పూర్తిగా వేరు. ఈ రెండు బొగ్గులూ సీస్మిక్ మీద ఒక్కలాగే మెరుస్తాయి.

మీ బావి విషయానికి వస్తే, నేనైతే మెరుపు నడిబొడ్డున కాకుండా మందం మ్యాప్‌లో బొగ్గు 5 మీటర్ల పైన స్థిరంగా ఉన్న భాగంలో వేస్తాను. కోహెరెన్స్‌లో కనిపించే పెద్ద ఫాల్ట్‌కు కొన్ని వందల మీటర్లు ఎడంగా, కర్వేచర్ కొంచెం పెరిగిన వైపు. వీలైతే ఆ పాత వాగు ఇసుకను కూడా ఒకే బావి దాటేలా చూసుకోండి, ఒక్క తవ్వకంతో రెండు ప్రశ్నలూ తేలతాయి. తవ్వే ముందే కోర్ బ్యారెల్, డబ్బాలు, డైపోల్ సోనిక్, ఇమేజ్ లాగ్, వీఎస్‌పీ అన్నీ ప్రోగ్రామ్‌లో రాయించండి. రిగ్ నిలబడ్డాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

ఈలోగా మూడు బావుల క్యాలిపర్, డెన్సిటీ, గామా లాగ్‌లను సరిచూసి, ఫేజ్ ఎంత వచ్చిందో, మెరుపు దగ్గర ఆఫ్‌సెట్‌తో యాంప్లిట్యూడ్ పెరుగుతోందో తగ్గుతోందో రాయండి. ఆ రెండూ తెలిస్తే రెండు పొరల మోడల్‌కు ఏ మందాలు, ఏ దూరాలు తీసుకోవాలో నేను చెబుతాను.